ముప్పయ్యో వంతు చాలన్న రాయి

మోటుపల్లి అభయ శాసనం వేయించిన రాజెవరు? గ్రూప్స్‌కి చదివే కుర్రాణ్ణి నిద్రలో లేపి అడిగినా ‘గణపతిదేవుడు’ అని ఠక్కున చెప్పేస్తాడు. మరి ఆ మోటుపల్లి ఎక్కడుంది అంటే మాత్రం... కాస్త తల గోక్కోవాల్సిందే!

ఎక్కడో కాదు. ఒంగోలులో చీరాల వైపు ప్యాసింజర్ ఎక్కితే కరవది, అమ్మనబ్రోలు, ఉప్పుగుండూరు దాటాక చినగంజాం వస్తుంది. ఉప్పు కొటార్లకు పేరుపడ్డ ఊరు. అక్కణ్నుంచి సముద్రం వైపు వెళితే మోటుపల్లి. 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. జిల్లాల విభజనలో చినగంజాం మండలంతోపాటు బాపట్ల జిల్లాకు వెళ్లిపోయింది. ఇసుక నేలలు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు... తీరంలోని ఏ పల్లె చూసినా ఇలాగే ఉంటుంది. అందులో పాతకాలపు రాతి గుడి ఒకటి, వీరభద్రస్వామిది. ఆ గుడి మండపంలోని ఓ స్తంభానికి చెక్కిందే పరీక్షల్లో అడిగే ఆ శాసనం.

శక సంవత్సరం 1166. అంటే క్రీస్తుశకం 1244-45. అప్పటికి సముద్రం మీద వ్యాపారమంటే ప్రాణాలతో చెలగాటం. ఒక దేశానికి బయల్దేరిన ఓడ తుపానుకు దారితప్పి మరో దేశపు ఒడ్డున పడిందనుకోండి. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు... ఓడలో ఏమున్నా ఆ నేల ఏలే రాజుదే! సముద్రం మింగగా మిగిలింది రాజు మింగేవాడన్నమాట. శాసనం ఆ సంగతిని దాచకుండా చెబుతుంది. పూర్వపు రాజులు అలా లాక్కున్నారు, మేం మాత్రం కీర్తి కోసం, ధర్మం కోసం, జాలితో మామూలు సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అంటాడు గణపతిదేవుడు. ప్రాణాలకన్నా ధనమే ఎక్కువని సముద్రానికెదురెళ్లిన వాళ్లు కదా, వాళ్ల మీద దయ చూపాలన్నది ఆయన వాదన. ఎగుమతైనా దిగుమతైనా ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం. నూటికి మూడు రూపాయల చిల్లర!

ధర్మం మాట నిజమే కావచ్చు. కానీ ఓరుగల్లులో కూర్చున్న రాజుకి మరో లెక్క కూడా ఉండే ఉంటుంది. సముద్రం లేని రాజధానికి విదేశీ గుర్రాలూ సరుకులూ ఓడల మీద రావాలంటే రేవు మీద వర్తకులకు నమ్మకం ఉండాలి. ఒక్క ఓడని దోచుకుంటే ఒక్కసారే లాభం. ఆ కబురు పాకితే రెండో ఓడ రాదు.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఏం జరిగిందో చూస్తే ఈ రాయి విలువ తెలుస్తుంది. 1275లో అక్కడ ఒక చట్టం చేశారు. మునిగిన ఓడలోంచి ఒక మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే సరుకు సొంతదారుదే. ఏడాదీ ఒక రోజూ లోపు వచ్చి తనదని రుజువు చేసుకోవాలి. ఏ ప్రాణీ మిగలకపోతే రాజుదే. మోటుపల్లి రాయి అంతకు ముప్పై ఏళ్ల ముందుది. పిల్లి సాక్ష్యం కూడా అడగలేదు!

శాసనంలో ఆసక్తిగా చదవాల్సింది సుంకాల పట్టీ. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతాలు, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు... దేనికెంతో విడివిడిగా చెక్కించారు. రేవులో సుంకరి నోటికొచ్చినంత అడగడానికి వీల్లేదు, రాయి చూపిస్తే సరి. ఇంత పట్టీలోనూ మిరపకాయ లేదు. గుంటూరు, ప్రకాశం వాసులకు వింతగా అనిపించొచ్చుగానీ, మిరప అప్పటికి మన దేశానికి రానేలేదు. అది పోర్చుగీసువాళ్ల ఓడల్లో తర్వాతెప్పుడో వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడి కూరల్లో ఘాటంతా మిరియాలదే.

గణపతిదేవుడి తర్వాత ఆయన కూతురు రుద్రమదేవి పాలించింది. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో ‘ముత్ఫిలి’ అనే రాజ్యం గురించి చెప్పాడు. అది మోటుపల్లేనని చరిత్రకారుల మాట. రేవు పేరునే రాజ్యం పేరనుకున్నాడన్నమాట. అక్కడ భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతున్న రాణి ఉందన్నాడు. న్యాయం సంగతి సరే, బంధుత్వం దగ్గర పొరబడ్డాడు. ఆమె రాజుగారి భార్య కాదు, కూతురు. వజ్రాలూ, సాలెగూడంత పల్చని బట్టలూ అక్కడ దొరుకుతాయనీ చెప్పాడు. చీరాల మగ్గాలు ఆ పక్కనే కదా, బట్టల మాట నమ్మబుద్ధేస్తుంది.

కాకతీయులు పోయారు. కొండవీటి రెడ్లు వచ్చారు. 1358లో అనపోతారెడ్డి ఇదే ఊళ్లో మరో శాసనం వేయించాడు. ఇక్కడ స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తాం, ఎప్పుడు వెళ్లిపోదామన్నా అడ్డుపడం, సరుకు ఇష్టమైనవాళ్లకు అమ్ముకోవచ్చు... ఇవీ హామీలు. కొడుకుల్లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజు తీసుకునే ‘అపుత్రిక’ పద్ధతినీ వర్తకుల విషయంలో ఎత్తేశాడు. పరాయి ఊళ్లో చచ్చిపోతే తన సొత్తు ఏమవుతుందన్న బెంగ ఎంతమందికి ఉండేదో!

తర్వాత్తర్వాత ఓడలు మచిలీపట్నానికి మళ్లాయి. రేవు పోయి పల్లె మిగిలింది. జర్మన్ పండితుడు హుల్ష్ గణపతిదేవుడి శాసన పాఠాన్ని చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పన్నెండో సంపుటంలో అచ్చువేయించాక లోకానికి మళ్లీ దీని గురించి తెలిసింది.

పిల్లల్ని సెలవులకి సముద్రానికి తీసుకెళ్లేవాళ్లు చీరాల దగ్గరి ఓడరేవుకి వెళుతుంటారు. అదే ప్రయాణంలో మోటుపల్లికీ వెళ్లొచ్చు. గుడిలో దణ్ణం పెట్టుకున్నాక ఆ స్తంభం దగ్గర ఆగి, అక్షరాల్లో ‘గ’ ఎక్కడుందో పట్టుకోమంటే చాలు. ఆ లిపిలో కొన్ని అక్షరాలు ఇప్పటి తెలుగుకు దగ్గరగానే ఉంటాయి.