గుట్టల దారిలో విశ్వంభర

జగిత్యాల కోట నక్షత్రాకారంలో ఉంటుంది. 18వ శతాబ్దపు కట్టడం. చుట్టూ కందకం తవ్వించి, బురుజుల మీద ఫిరంగులు పెట్టించిన పాలకులు ఏనాడో పోయారు. రాళ్ళ సందుల్లో పిచ్చిమొక్కలు ఏపుగా పెరుగుతున్నాయి. ఇక్కడికి దగ్గర్లోనే, గోదావరి ఒడ్డున, నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవి ఊరు ధర్మపురి. ఆఖరి ఘడియలో దేవుడి పేరు నోట పలుకుతుందో లేదోనని బెంగపడ్డ కవి ఆయన. జగిత్యాలలో ఫొటో స్టూడియో నడిపిన కవి అలిశెట్టి ప్రభాకర్ బెంగ వేరు. మనిషిని మనిషే చిన్నబుచ్చుతున్నాడని నాలుగైదు పంక్తుల్లో మండిపడ్డాడు. 1993లో క్షయ అతన్ని తీసుకుపోయింది.

కోరుట్ల బస్సులో నా పక్కన ఒక పసుపు రైతు కూర్చున్నాడు. పంట ఎట్లుందని అడిగాను.

"తొమ్మిది నెలలు కాపాడుకుంటం సారూ. ఉడకబెట్టి ఆరబోసినంక ఒక్క వాన కొడితే మన చేతుల ఏమున్నది?"

ఆ వెంటనే వచ్చే ఏటి విత్తనం కొమ్ముల లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

కోరుట్ల దాటితే కథలాపూర్, రుద్రంగి, చందుర్తి. రుద్రంగి దగ్గర గుట్టలు దారికి దగ్గరగా జరుగుతాయి. ఈ నేల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళంటారు భూవిజ్ఞానులు. వాటి ముందు నా వయసు లెక్కలోకే రాదు. చాలాసేపు కిటికీలోంచి తల తిప్పలేకపోయాను.

వేములవాడ దగ్గరి హన్మాజీపేటలో 1931లో ఒక రైతు ఇంట సి. నారాయణరెడ్డి (సినారె) పుట్టారు. 1980లో ఆయన రాసిన 'విశ్వంభర' కావ్యానికి భూమే రంగస్థలం, మనిషే నాయకుడు. 1988లో జ్ఞానపీఠం వచ్చింది. చాలామంది దాన్ని మానవ విజయగాథ అంటారు. నాకది సగం మాటే అనిపిస్తుంది. ఆ నాయకుడికి పేరు లేదు, ఊరు లేదు, ఫలానా కాలమంటూ లేదు. మనిషి రాకముందే నేలా నింగీ ఉన్నాయి. అంత పెద్ద రంగస్థలం మీద పేరైనా లేకుండా నిలబడి, పడుతూ లేస్తూ నడిచే జీవి అతను. ఆ చిన్నతనాన్ని ఒప్పుకున్నాకే సినారె అతన్ని ఎత్తిపట్టారు. పసుపు రైతు మాటలో నాకు వినిపించిందీ అదే.

సాయంత్రానికి సిరిసిల్ల చేరాను. బాల సినారె చదువుకున్న ఊరు. మానేరు దాకా మరమగ్గాల చప్పుడు. ఇక్కడి బట్ట మీద నేసినవాడి పేరుండదు.

'విశ్వంభర' చదివినవాళ్ళు ఒకసారి కోరుట్ల మీదుగా ఈ దారిన రండి. చదవనివాళ్ళు పుస్తకం వెంట తెచ్చుకోండి.