వాకిట నిలిచిన మూగజీవము

మొన్నటి శ్రావణమాసములో ఒకనాటి వేకువను కల్లాపి చల్లుటకై తలుపు తీయగా, మెట్టు ప్రక్కను ఒక కుక్క ముడుచుకొని పడుకొని యుండెను. మా వీధికుక్కలను నే నెరుగుదును. ఇది వానిలోనిది కాదు. లేత పసుపువన్నె, వెడల్పయిన తల, వ్రేలాడు చెవులు, లావుపాటి తోక. లాబ్రడారు జాతిదని మా చిన్నవాడు చూడగనే చెప్పెను. ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చును. మెడచుట్టును పట్టెడ ఒరసి నల్లని చార యేర్పడి యుండెను.

"పాపము, తప్పిపోయి వచ్చినట్లున్నది అత్తయ్యా," అంటిని.

మా అత్తగారు దానిని పారజూచి, "తప్పిపోలేదమ్మా, తోలివేసినారు. పొదుగు చూడు, ఎన్ని కాన్పులు కన్నదో!" అనిరి.

నిజము చెప్పవలెనన్న, నాకు తొలుత తోచిన యూహ దయ కాదు. ఇంత యన్నము పెట్టి ప్రక్కవీధిలోనికి తోలివేసిన పీడ వదలునని తలచితిని. మా యింట మడియు ఆచారమును గలవు. కుక్క గడప దాటరాదు. అయినను ఆ పెద్దావిడయే పెరటి వసారాలో గోనెసంచి పరపించి, మట్టిమూకుడులో పెరుగన్నము పెట్టించిరి.

తెలియని కుక్కను వెంటనే తాకరాదు. ఆకలిగొన్నదియు, బెదరినదియు కరవవచ్చును. కరచినచో గాటును సబ్బుతో 15 నిమిషములు పారెడు నీట కడిగి, జాగు చేయక టీకా వేయించుకొనవలెను. అందుచేత మేము దూరమునుండియే తిండి పెట్టుచు, మూడవనాడు గాని మెడకు త్రాడు వేయలేదు.

పశువైద్యుడు పండ్లు చూచి ఆరేండ్లుండవచ్చుననెను. యజమానిని తెలుపు మైక్రోచిప్పు చర్మము క్రింద లేదు. పిడుదులవలన వచ్చు జ్వరము రక్తపరీక్షలో బయటపడగా, 28 దినములు మాత్రలు మ్రింగించితిమి. దాని ఛాయాపటమును ఇరుగుపొరుగు వీధులకెల్ల పంపితిమి. నాది యని ఒక్కరును రాలేదు.

పెంచిన జంతువును ఆకలిదప్పులకు విడిచి వీధిపాలు చేయుట మన దేశమున నేరము. 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టమే యిది. దీనికి దారితీసినది ఒక స్త్రీమూర్తి యని మన మెరుగవలెను. నాట్యకళకు పేరుగాంచిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో సభ్యురాలై యుండి యిందుకై పాటుపడెను. 1962లో నేర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. కుక్కల నీనించి అమ్మువారికి 2017లో వేరుగ నియమములును వచ్చినవి. 18 నెలలు నిండని ఆడుకుక్కను దాటించరాదు. ఏడాదికొక్క కాన్పునకు మించి కననీయరాదు. నియమములున్నను, కాన్పులుడిగిన తల్లులు నేటికిని వీధిని పడుచునే యున్నవి.

ఇట్టి జాతికుక్కలకు తగిన యిండ్లు చూచిపెట్టు సేవకులు కొన్ని పట్టణములలో నున్నారు. వారిలో నొక యమ్మాయి మాకు చాల సంగతులు తెలిపినది. లాబ్రడారు పూర్వులు న్యూఫౌండ్లాండు తీరమున చలినీట బెస్తలకు తోడ్పడినవి. కావున దానికి బొచ్చు దట్టము, మన యెండ కష్టము. తిండిపోతు, నడక లేనిచో క్రొవ్వుపట్టి కీళ్లు చెడును. దినమెల్ల తాళము వేసియుండు ఇంటికి అది తగదు.

మొదట నొక పెద్దమనిషి కారులో వచ్చెను. మంచి దుస్తులు, మంచి మాట. ఇప్పుడే తీసికొనిపోదుననెను. అప్పటికి నేను విసిగియుంటిని. మందులకును తిండికిని సొమ్ము వ్రయమగుచుండెను. త్రాడు అతని చేతికీయబోవుచుండగా, "ఇంకను ఈనునా?" అని యడిగెను. నా చేయి ఆగినది. లోపలినుండి మా అత్తగారు, "ఈనదు నాయనా, ఆపరేషను చేయించుచున్నాము," అనిరి. అంతవరకు మేమట్టి నిశ్చయము చేయనేలేదు! ఆయన మరల రాలేదు.

మాత్రలు ముగిసి ఒడలు పట్టిన పిమ్మట ఆ పని నిజముగనే చేయించితిమి, టీకాలును వేయించితిమి. పిల్లకు సంబంధము చూచినట్లే ఇల్లు చూచి, ఆరాలు తీసి, కార్తీకమాసమున పెరడుగల యొక విశ్రాంత ఉపాధ్యాయ దంపతుల కప్పగించితిమి. రెండు వారములు చూచుకొని, కుదరనిచో మాకే తిరిగి యీయవలెను గాని యితరుల కీయరాదని మాట తీసికొంటిమి. వారు దానికి గౌరి యని పేరు పెట్టినారు. అది వారింటనే యున్నది.

సోదరీమణులారా! ధర్మరాజు కుక్కను విడువక స్వర్గమునే వలదన్న కథ విని కన్నీరు పెట్టుకొందుము. మీ పిల్లలు కుక్కపిల్ల కావలెనని మారాము చేసినప్పుడు, అంగడికి పోవుటకు ముందు దాని తల్లి యెక్కడ నున్నదో ఒక్కమారు విచారింపుడు. ఇల్లు లేని యీడుకుక్క యెక్కడనైన దొరకిన, దానినే తెచ్చుకొనుడు.

గౌరి వెళ్లిన మరునాడు మా అత్తగారు అలవాటున మూకుడులో పెరుగన్నము కలిపిరి. కొంతసేపు చూచి, దానిని వీధికుక్కలకు పెట్టి వచ్చిరి. నాటినుండి అది నిత్యకృత్యమైనది.