పరీక్షల కోట

కోటా అంటే మన ఇళ్లలో ఆడవాళ్లకు చీర. ఎండాకాలంలో ఒంటికి తేలిగ్గా ఉండే గళ్ల చీర. ఇల్లు కట్టే మేస్త్రీకి కోటా అంటే రాయి. మన తాండూరు బండల్లా నేలకు పరిచే సున్నపురాయి. ఇంటర్ వయసు పిల్లలున్న తల్లిదండ్రులకు మాత్రం కోటా అంటే చీరా కాదు, రాయీ కాదు... ఐఐటీ!

రాజస్థాన్‌లో చంబల్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి 2025 మే నెలలో వెళ్లాం. అక్క, బావ, అప్పుడే పదో తరగతి పాసైన మేనల్లుడు, నేను. వాణ్ని అక్కడ చేర్చాలా వద్దా అన్నది కళ్లతో చూశాకే తేల్చుకుందామని బావ పట్టుబట్టాడు. 'బొమ్మ చూసి ఫ్రిజ్జే కొనం, పిల్లాణ్ని ఎలా పంపిస్తాం' అన్నది ఆయన వాదన.

జైపూర్ నుంచి రైల్లో నాలుగు గంటల ప్రయాణం. ఢిల్లీ-ముంబయి ప్రధాన మార్గంలో ఉంది కాబట్టి రైళ్లకు కొదవలేదు. స్టేషన్ బయట అడుగుపెడితే వడగాలి మొహాన కొడుతుంది. ఆటో అతను మమ్మల్ని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి 'ఇంజినీరింగా, మెడికలా?' అన్నాడు. ఎక్కడికి వెళ్లాలని అడగలేదు. ఆ రెండిట్లో ఏదో చెబితే చాలు, ఏ పేటకు తోలాలో అతనికి తెలుసు.

దారి పొడవునా హోర్డింగులు. వాటి మీద పిల్లల ఫొటోలు, పక్కన ర్యాంకులు. ఇందులో మనకు వింతేం లేదు. విజయవాడ, హైదరాబాద్‌లలో అంతకంటే పెద్దవే చూశాం. వింతంతా హోర్డింగుల కిందే ఉంది. తల్వండీ, జవహర్‌నగర్, విజ్ఞాన్‌నగర్, నదికి అవతల కున్హాడీ... వీధి వీధంతా హాస్టళ్లే. కింద జిరాక్స్ షాపు, పక్కన మెస్సు, ఎదురుగా జ్యూస్ బండి, సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టు. పదహారు నుంచి పంతొమ్మిదేళ్లలోపు వాళ్లు తప్ప ఇంకో వయసు మనిషి ఎక్కువగా కనిపించడు. మధ్యాహ్నం ఓ షిఫ్టు వదిలినప్పుడు రోడ్డంతా ఒకే రకం సంచులతో నిండిపోయింది. గుంపులో మేనల్లుడు కాసేపు కనిపించకపోతే అక్క గాభరాపడింది. అందరూ వాడిలాగే ఉన్నారు మరి!

ఈ ఊరికి ఈ పేరు ఎలా వచ్చిందన్నది ఓ కథ. 17వ శతాబ్దంలో బూందీ నుంచి విడిపోయిన రాజ్యం కోటా. స్వాతంత్య్రం వచ్చాక చంబల్ మీద బ్యారేజీ కట్టారు, ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటిలో పెద్దది జేకే సింథటిక్స్. అందులో ఇంజినీరుగా చేసేవాడు వినోద్ కుమార్ బన్సల్. కండరాలు క్రమంగా క్షీణించిపోయే జబ్బు సోకింది ఆయనకు. చక్రాల కుర్చీకి పరిమితమయ్యే రోజు వస్తుందని తెలిసి, కూర్చుని చేయగల పని ఏముందా అని ఆలోచించి, 1980లలో ఇంట్లోనే భోజనాల బల్ల దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పిల్లలకు ఐఐటీలో సీట్లు రాసాగాయి. కబురు పాకింది. 1997లో ఫ్యాక్టరీ మూతపడి ఊరు కుదేలైపోయే వేళకి ఈ కొత్త పరిశ్రమ నిలదొక్కుకుంది. ఉద్యోగాలు పోయిన ఇళ్లవాళ్లు పై గదులు పిల్లలకు అద్దెకిచ్చి బతికారు. ఆయన 2021లో కన్నుమూశాడు.

మనవాళ్లకు ఇదంతా కొత్త కాదు. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్యగారి దగ్గర సీటు కోసం తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి గదులు తీసుకున్న రోజులు చాలామందికి గుర్తే. ఆయన దగ్గర చేరడానికి ఓ ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షకు మళ్లీ వేరేచోట కోచింగ్! కోటాలో మన తెలుగు పిల్లలు తక్కువే. బిహార్, ఉత్తర్‌ప్రదేశ్, మధ్యప్రదేశ్, హరియాణాల వాళ్లే ఎక్కువ. మన దగ్గర ఇంటర్, కోచింగ్ ఒకే కాలేజీలో కలిసిపోయాయి కాబట్టి అంత దూరం వెళ్లే అవసరం పెద్దగా పడలేదు. బావకి మాత్రం 'అసలు సరుకు అక్కడే ఉంది' అని ఎవరో చెప్పారు.

ఆ సరుకేమిటో తెలుసుకుందామని ఓ హాస్టల్లో రెండో ఏడాది చదువుతున్న బిహార్ కుర్రాణ్ని పట్టుకున్నాం. గదిలో మంచం, బల్ల, కూలరు, గోడనిండా ఫార్ములాలు. రోజుకు అయిదారు గంటలు క్లాసు. ఆరోజు చెప్పిన పాఠం మీద ఆరోజే ఓ కాగితం ఇస్తారు. పది పదిహేను లెక్కలుంటాయి. అది అయితేనే నిద్ర. రాకపోతే మర్నాడు సందేహాలు తీర్చే కౌంటరు దగ్గర వరసలో నిలబడాలి. కొద్ది వారాలకో పరీక్ష. ఇంతవరకూ మన దగ్గరా ఉన్నదే. అప్పుడు అతను సొరుగులోంచి ఓ లావాటి నోటుబుక్ తీశాడు.

అది తప్పుల పుస్తకం. రాసిన ప్రతి పరీక్షలో పోయిన ప్రతి మార్కుకూ అందులో ఒక పద్దు. మూడు రంగులు. అసలు పాఠమే రానిది ఎరుపు. వచ్చి కూడా కూడికలోనో గుర్తులోనో తప్పింది నీలం. టైము చాలక ముట్టుకోనిది ఆకుపచ్చ. మొదట్లో పేజీలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి నీలమే ఎక్కువ. 'ఎరుపుకి చదవాలి. నీలానికి చదివి లాభం లేదు, నిదానించాలి. ఆకుపచ్చకి ఏది వదలాలో నేర్చుకోవాలి' అన్నాడు. మూడు జబ్బులకి మూడు మందులు. మన పిల్లల్లో చాలామంది మూడింటికీ ఒకే మందు వాడతారు, ఇంకో రెండు గంటలు ఎక్కువ చదవడం!

ఏది వదలాలన్నది ఎంత పెద్ద విద్యో అంకెలు చూస్తే తెలుస్తుంది. 2025 జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు మూడు గంటలు. అంటే ప్రశ్నకు రెండు నిమిషాల 24 సెకన్లు. అదే ఏడాది నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, ప్రశ్నకు ఒక్క నిమిషం. మన ఇంజినీరింగ్ ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్)లో 160 ప్రశ్నలు, అదే మూడు గంటలు. మూడింటికీ ఒకేలా తయారైతే ఎలా? ఈఏపీసెట్‌లో తప్పుకి మార్కులు కోయరు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదిలి రాకూడదు. మెయిన్‌లో రైటైతే నాలుగు, తప్పైతే ఒకటి పోతుంది. ఏమీ తెలియక నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది. నాలుగొచ్చి మూడు పోతాయి, మిగిలేది ఒక్క మార్కు. ప్రతి ప్రశ్నలో రెండు జవాబులు కచ్చితంగా కావని కొట్టేయగలిగితే రెండు తగులుతాయి. ఎనిమిదొచ్చి రెండు పోతాయి, మిగిలేవి ఆరు. కాబట్టి సగం తెలిసిన చోట ధైర్యం చేయొచ్చు, అసలేమీ తెలియని చోట సమయం తగలెయ్యడం దండగ. ఈ లెక్క ఆ కుర్రాడు మాకు వేళ్ల మీద వేసి చూపించాడు.

ముందు కెమిస్ట్రీ పట్టుకుని ముప్పావు గంటలో ముగించడం, ఆ తర్వాత ఫిజిక్స్, మిగిలిన సమయమంతా లెక్కలకు... ఇది అతని పద్ధతి. పేపరంతా మూడుసార్లు తిరుగుతాడట. చూడగానే వచ్చేవి మొదటి చుట్టులో, చేస్తే వచ్చేవి రెండో చుట్టులో. మూడో చుట్టుకి మిగిలినవి చాలావరకూ వదిలేసేవే. వదిలేస్తే ర్యాంకెలా వస్తుందని బావ అడిగాడు. 2025 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో జనరల్ కేటగిరీ ర్యాంకుల జాబితాలో చోటుకు కావాల్సిన కనీస మార్కులు 360కి 74. అంతకు ముందు ఏడాది 109. మంచి సీటుకి ఇంకా చాలా రావాలి, నిజమే. కానీ నూటికి తొంభై తెచ్చుకుంటూ పెరిగిన పిల్లాడికి పేపర్లో సగం వదిలేసి ప్రశాంతంగా బయటికి రావడం ఎవరు నేర్పుతారు? పదో తరగతి దాకా మనం నేర్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

మెడిసిన్ వాళ్ల దారి వేరు. నీట్ 720 మార్కుల్లో సగం జీవశాస్త్రానివే. దానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని మించింది లేదు. పక్కగది అమ్మాయిల హాస్టల్ ఆవిడ చూపించిన పుస్తకంలో గీతలు పెట్టని వాక్యం ఒక్కటీ లేదు.

ఇదంతా విని బావ సంబరపడ్డాడు. అక్క మాత్రం పైకి చూస్తోంది. 'ఆ ఫ్యానుకి అదేంటి?' అంది. స్ప్రింగు. బరువు పడితే ఫ్యాను కిందికి జారిపోతుంది. 2023లో కోటాలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఆగస్టులో జిల్లా అధికారులు రెండు నెలలపాటు కోచింగ్ పరీక్షలు ఆపించారు, గదుల్లో ఇలాంటి ఫ్యాన్లు పెట్టమన్నారు. హాస్టల్ యజమాని ఈ సంగతి ఏసీ ఉందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. అక్క ఆ గదిలో ఇంకో మాట మాట్లాడలేదు.

నిజానికి అక్కడ పిల్లల్ని కుంగదీసేది చదువు ఒక్కటే కాదనిపించింది. పరీక్ష మార్కుల్ని బట్టి బ్యాచి మారుస్తారు. పై బ్యాచికి పేరున్న మాస్టార్లు. కింది బ్యాచికి జారిన కుర్రాడు ఆ సంగతి ఇంట్లో చెప్పడు. బిహార్ కుర్రాడు కూడా ఓసారి జారాడట. నాలుగు నెలలు ఇంట్లో దాచాడు. అప్పు చేసి పంపిన నాన్నకి ఫోన్లో ఏం చెప్పాలో తెలియలేదన్నాడు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాటే ఉంది. సాధ్యమైనంతవరకూ మార్కుల్ని బట్టి బ్యాచిలు విడగొట్టొద్దనీ, నలుగురిలో అవమానించొద్దనీ, వందమంది, అంతకు మించి పిల్లలున్నచోట అర్హతగల కౌన్సెలర్ ఉండాలనీ. ఆ కేసు ఎక్కడిదనుకున్నారు? కోటాది కాదు. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఓ పశ్చిమబెంగాల్ అమ్మాయిది. కోటాని వేలెత్తి చూపేముందు మన ఇంటి వాకిలి కూడా చూసుకోవాలి.

సాయంత్రం తల్వండీలోని రాధాకృష్ణ మందిరానికి వెళ్లాం. పిల్లలు తమ కోరికల్ని గోడల మీద రాసే గుడి అది. మన చిలుకూరులో ప్రదక్షిణలు, అక్కడ పెన్ను. ర్యాంకులు, కాలేజీల పేర్లు, ఒకదాని మీద ఒకటి. నిండిపోగానే సున్నం వేస్తారు, మళ్లీ మొదలు. ఎక్కడైనా తెలుగు అక్షరం కనిపిస్తుందేమోనని అక్క గోడంతా వెతికింది. మేనల్లుడి చేతికి పెన్నిస్తే 'నేనింకా చేరలేదు కదమ్మా' అన్నాడు.

ఊరు ఇప్పుడు మునుపటంత కిటకిటలాడడం లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఉత్తర్‌ప్రదేశ్ ప్రభుత్వం వందల బస్సులు పెట్టి తమ పిల్లల్ని తీసుకుపోయింది. ఆ తర్వాత వాళ్లు తిరిగొచ్చారు, 2023 నాటికి రెండు లక్షలు దాటారు. 2024 నుంచి మళ్లీ తగ్గుదల. పెద్ద సంస్థలు ఎక్కడికక్కడ శాఖలు తెరిచాయి. ఫోన్లోనే పాఠాలు వస్తున్నాయి. పదహారేళ్లలోపు వాళ్లను చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 'అద్దెకు గదులు' బోర్డులు వీధికి పదైనా లెక్కపెట్టాం. కొత్త హాస్టల్ కట్టి అప్పుల్లో పడిన ఓ యజమాని చెప్పకుండానే అద్దె మూడోవంతు తగ్గించాడు.

చదువుల గొడవ లేకుండా చూస్తే కోటా చక్కటి ఊరు. కిశోర్‌సాగర్ చెరువు మధ్యలో జగ్‌మందిర్, ఒడ్డున ప్రపంచ వింతల నమూనాల పార్కు, చంబల్ పక్కన 2023లో ప్రారంభించిన రివర్‌ఫ్రంట్. ఇంగువ ఘాటు దట్టించిన కచోరీ పొద్దున్నే వేడివేడిగా తినాలి. పాతిక కిలోమీటర్ల దూరంలో గరడియా మహాదేవ్ దగ్గర కొండ అంచున నిలబడితే, లోతైన లోయలో చంబల్ గుండ్రంగా మలుపు తిరిగి పోతుంటుంది. మాతోపాటు అక్కడికి రమ్మంటే బిహార్ కుర్రాడు, రెండేళ్లలో ఒక్కసారీ చూడలేదన్నాడు. ఆదివారం పరీక్ష ఉంటుందిట.

రెండోరోజు రాత్రి మెస్సులో భోంచేస్తూ బావే అడిగాడు, 'ఏంరా, ఉంటావా?' అని. వాడు రొట్టె తుంచుతూ 'ఆ పుస్తకం సంగతి బాగుంది నాన్నా. కానీ అది ఇంట్లో కూడా రాసుకోవచ్చు కదా' అన్నాడు. బావ వెంటనే ఒప్పుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇద్దరూ ముభావంగానే ఉన్నారు. మామయ్యా నువ్వైనా చెప్పు అన్నట్టు వాడు నావైపు చూడటం, నేను కచోరీ వైపు చూడటం! చివరికి అడ్వాన్సు కట్టకుండానే బయల్దేరాం. వచ్చే ముందు పాత పుస్తకాల కొట్లో రెండేళ్ల మెటీరియల్ కట్ట కొన్నాం. వెళ్లిపోయే పిల్లలు అమ్ముకునేవి. బేరమాడితే కొత్తవాటి ధరలో నాలుగో వంతుకే వచ్చాయి. వాడిప్పుడు హైదరాబాద్‌లోనే రోజూ ఇంటికొచ్చే కాలేజీలో ఎంపీసీ చదువుతున్నాడు. తప్పుల పుస్తకంలో ఇంకా ఎరుపే ఎక్కువ.

మీరూ చూసి రావాలనుకుంటే మేలో మాత్రం వద్దు. అక్టోబరు తర్వాత వెళ్లండి. దసరాకైతే అక్కడి మేళా చూడదగ్గది. చేర్చాలనే ఉద్దేశం ఉంటే ఫీజు కట్టేముందు మూడు సంగతులు అడగండి. మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల ఫీజు వెనక్కిస్తారా? 2024 మార్గదర్శకాల ప్రకారం ఇవ్వాలి. పిల్లాణ్ని కింది బ్యాచికి మారిస్తే మీకు చెబుతారా? కౌన్సెలర్ ఉన్నారంటే ఆ మనిషిని ఓసారి చూపిస్తారా? మేం తిరిగిన వాటిల్లో ఒకచోట మూడో ప్రశ్నకి 'ఆయన సెలవులో ఉన్నారు' అన్నారు. ఎప్పటినుంచని అక్క అడిగింది. రిసెప్షన్ అమ్మాయి రిజిస్టరు తిరగేస్తూ ఉండిపోయింది.