ఇదే స్కూల్‌కి పంపు డాడీ

మా అమ్మాయి మన స్కూల్లోనే ఏడో తరగతి చదువుతోంది. నేను పెళ్లి వీడియోలకు కలర్ గ్రేడింగ్ చేస్తాను. అంటే కెమెరాలోంచి వచ్చిన ఫుటేజీకి వెలుగూ రంగూ సరిచేసే పని. 2015లో వచ్చిన "బాహుబలి"కి ఆ పని మన హైదరాబాద్‌లోనే, అన్నపూర్ణ స్టూడియోస్‌లో జరిగింది. నాది అంత పెద్ద వ్యవహారం కాదు లెండి.

యాన్యువల్ డే కోసం ప్రతి పిల్లదీ అర నిమిషం వీడియో పంపమన్నారు కదా. ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి అమ్మాయిని పహాడీ షరీఫ్ దర్గా మెట్ల దగ్గరికి తీసుకెళ్లి తీశాను. పైన శంషాబాద్‌లో దిగే విమానాలు, కింద బండలు, గాలికి ఎగిరే చున్నీ. ఇంటికొచ్చి చూస్తే అంతా నీలం! ముందు రోజు రాత్రి పెళ్లిలో బల్బుల వెలుగుకు పెట్టిన 3200 కెల్విన్ వైట్ బ్యాలెన్స్ మార్చడం మర్చిపోయాను.

మీ ఫోన్‌లో తీసిన మామూలు వీడియో అయితే ఇది పూర్తిగా సరికాదు. ఫోన్ రంగును అప్పటికప్పుడే ఖాయం చేసి, సాధారణంగా ఒక్కో రంగుకు 256 మెట్లే దాస్తుంది. నేను తీసింది రా ఫుటేజీ, 12 బిట్. అందులో 4096 మెట్లు. వైట్ బ్యాలెన్స్ అందులో కేవలం ఒక చీటీ లాంటిది, తర్వాత మార్చి రాసుకోవచ్చు. 5600 చేయగానే ఎండ ఎండలా వచ్చింది. ఒక షాట్‌లో మాత్రం ఆకాశం పూర్తిగా తెల్లబడిపోయింది. అక్కడ సెన్సర్ నిండిపోయింది కాబట్టి ఏ సెట్టింగు తిప్పినా మబ్బులు రావు.

ఆ తర్వాత చేసింది చెప్పడానికే ఈ ఉత్తరం. చెయ్యి అలవాటు కొద్దీ పోయింది. పెళ్లివాళ్లు ప్రతిసారీ అడిగేదే: "అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి." మా అమ్మాయి ముఖాన్నీ అలాగే ఎంచుకుని, వెలుగు పెంచి, రంగు తగ్గించేశాను. వెనక నిలబడి చూస్తోందని గమనించలేదు.

"ఇదే స్కూల్‌కి పంపు డాడీ. ఇందులో బాగున్నా."

ఏం చెప్పాలో తోచలేదు. మార్చిందంతా తీసేసి, వెక్టర్‌స్కోప్ తెరిచి చూపించాను. అందులో చర్మం రంగుకని ఒక గీత ఉంటుంది. తన ముఖం పెడితే చుక్కలు ఆ గీత దగ్గర పడ్డాయి. తనకంటే చాలా తెల్లగా ఉండే వాళ్లమ్మ క్లిప్ పెట్టినా దాదాపు అక్కడే. కింద పారే రక్తం అందరికీ ఒకటే కాబట్టి చాయలు వేరైనా రంగు దిశ మారదు. ఒకప్పుడు కొడాక్ కంపెనీ ల్యాబులకు రంగు సరిచూసుకోవడానికి పంపిన నమూనా ఫోటోల్లో తెల్లజాతి అమ్మాయే ఉండేదని కూడా చెప్పాను. దానికి పెద్దగా ఆసక్తి చూపలేదు. మీ ఇంటి పెళ్లి వీడియో ఎడిటింగ్‌కు వచ్చినప్పుడు "తెల్లగా" అనే ముందు, పక్కన పిల్లలున్నారేమో ఒక్కసారి చూసుకోండి. మా పిల్ల ఆ మాట నా ఫోన్ స్పీకర్‌లో ఎన్నిసార్లు విందో.

చివరికి బేరానికి దిగింది. "సరే, మొత్తం కొంచెం వెలుగు పెంచు. నా ఒక్కదానికే కాదు, అంతా." ఎక్స్‌పోజర్ 0.2 పెంచాను. బండలూ మెట్లూ తనూ కలిసే వెలిగాయి. సోమవారం క్లాస్ టీచర్‌కు పంపింది అదే. తెల్లగా చేసిన కాపీ కూడా తన ఫోల్డర్‌లో దాచుకుంది. తీసేయమని నేను అడగలేదు.