షోలాపురపు కార్ఖానాలో డిజైనుల ఆయుర్దాయము

షోలాపుర నగరమునకు తూర్పుదెసను, అశోక్ చౌక్, కన్నా చౌక్, దత్తనగరు, భద్రావతి పేట మొదలగు నేతవాడలలో నడచునప్పుడు, దుకాణముల మీది పలకలు మరాఠీలోను, అరుగుల మీది సంభాషణలు తెలుగులోను ఉండుట గమనించి, తెలంగాణమునుండి వచ్చినవాడు తాను సరిహద్దు దాటిన సంగతిని క్షణకాలము మఱచును. నేను హైదరాబాదునందొక సాఫ్ట్‌వేరు సంస్థలో పనిచేయువాడను. ఏ ఫీచరు ఎప్పుడు విడుదల కావలెను, ఏది ఎంతకాలము నిలువవలెను, ఏది ఎన్నడు ఉపసంహరింపబడవలెను అను నిర్ణయములకు లెక్క వ్రాయుటయే నా కొలువు. మా రంగమున విడుదల యనగా శుభలేఖలు పంచి చేయు పెండ్లివంటిది. ఉపసంహరణము మాత్రము తఱచుగా ఎవరికిని తెలియకుండ, ఏ అర్ధరాత్రమో జరిగిపోవును. చిల్లుల అట్టలతో చాదరులు నేయు ఈ వాడలో గణకయంత్రముల పూర్వచరిత్రను కన్నులార చూడవలెనను కుతూహలముతో నేను బయలుదేరితిని. చరిత్ర కనబడెను గాని, నన్ను పొద్దు గ్రుంకువఱకు అచ్చట నిలిపినది మాత్రము పాత డిజైనులను సాగనంపుటలో ఆ కార్ఖానావారు పాటించు మర్యాద.

పద్మశాలీలు ఇచ్చటికి వచ్చిన కథ సుదీర్ఘము. నిజాము రాజ్యమునందలి తెలుగు జిల్లాలనుండి కరవులు తఱుమగా కొందఱును, కూలి పిలువగా కొందఱును తరతరములుగ వచ్చి చేరిరి. 1877లో పని ప్రారంభించి, తరువాతికాలమున ‘జూనీ మిల్లు’ అని జనులచే పిలువబడిన నూలుమిల్లును, దాని వెనుక వెలసిన తక్కిన మిల్లులును వేలాది కుటుంబములకు అన్నము పెట్టినవి. కాలక్రమమున ఆ పెద్దమిల్లులు ఒకటొకటిగ మూతపడినవి. నేత మాత్రము చిన్నచిన్న కార్ఖానాలలోనికి తరలి బ్రతికెను. 2005-06 సంవత్సరమున షోలాపురి చాదరునకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ గుర్తింపు సయితము శాశ్వతము గాదు. చట్టప్రకారము పదేండ్లకొకమాఱు నవీకరింపవలసినదే. పేరునకును గడువు పెట్టి, దానిని నిలుపుకొనదలచినవాడు మఱల వచ్చి అడుగవలెనని శాసించిన ఆ చట్టకర్తల వివేకము మా రంగమువారికి అలవడిన, లోకమున దిక్కులేని ప్రోగ్రాములు ఇన్ని యుండెడివి కావు.

నేను చూచిన కార్ఖానా రేకుల కప్పు క్రింద నున్న పొడవైన సాల. లోపల మగ్గముల చప్పుడునకు మాట వినబడదు. పనివారు కనుసైగలతోను, చేతి గుర్తులతోను వ్యవహరింతురు. ప్రతి మగ్గము నెత్తిన జకార్డు యంత్రమును, దానినుండి మాలవలె వ్రేలాడు అట్టల వరుసయు కలవు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగునకు ఆజ్ఞాపత్రము. చిల్లు ఉన్నచోట సూది లోనికి దూరును, దానికి చేరిన హుక్కు పైకి లేచును, ఆ హుక్కునకు కట్టిన పడుగుపోగులు లేచి నాడెకు దారి యిచ్చును; చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడి, పోగు క్రిందనే యుండును. 1804లో ఫ్రాన్సు దేశపు జోసెఫ్ మరీ జకార్డు రూపొందించిన యీ ఉపాయమునే, 1830వ దశాబ్దమున ఛార్లెస్ బాబేజి తాను తలపెట్టిన విశ్లేషణ యంత్రమునకు స్వీకరించెను. జకార్డు రూపమును పట్టుమీద నేసిన చిత్రమొకటి బాబేజి యొద్ద నుండెడిది. దానిని నేయుటకు సుమారు ఇరువది నాలుగువేల అట్టలు పట్టెనని చెప్పుదురు. ఈ సంగతి నేను యజమానికి చెప్పగా, ఆయన ఆశ్చర్యపడలేదు. “అన్ని అట్టలు తడవకుంట యాడ వెట్టిన్రో!” అని మాత్రము అడిగెను.

డిజైను పుట్టుక ఇట్లుండును. చిత్రకారుడు గళ్ళకాగితము మీద నెమలినో, లతనో గీసి, ఒక్కొక్క గడికి రంగు నింపును. ఆ గళ్ళను వరుస వరుసగా చదువుచు అట్టలు కొట్టువాడు చిల్లులు వేయును. అట్టలను క్రమముగా త్రాటితో కుట్టి మగ్గమున కెక్కింతురు. తొలి గుడ్డ అమ్మకమునకు గాదు. దానిని వెలుతురులో పఱచి, ఎచ్చట పోగు తప్పినదో, ఎచ్చట నెమలిముక్కు వంకరపోయినదో చూచి, తప్పు చిల్లునకు కాగితపు ముక్క అతికించి, ప్రక్కన క్రొత్త చిల్లు వేయుదురు. 1944లో పనికి వచ్చిన హార్వర్డు మార్క్ 1 గణకయంత్రపు చిల్లుల పట్టీలను సయితము ఇట్లే అతుకులతో దిద్దెడివారు. దిద్దిన డిజైను గూడ వెంటనే అన్ని మగ్గములకును పోదు. ఒక్క మగ్గము మీద కొన్ని చాదరులు నేసి, నమ్మకస్థులైన ఇద్దఱు ముగ్గురు వ్యాపారులకు పంపి, వారి మాట వచ్చిన పిదపనే తక్కిన మగ్గములకు అట్టల నకళ్ళు కొట్టింతురు. మేము ఎన్నో యంత్రములు గూల్చుకొని నేర్చిన జాగ్రత్త యిది.

ఇందు మఱియొక సూక్ష్మము కలదు. పడుగు మారకుండ అట్టలు మాత్రము మార్చినచో, పడుగు చుట్టిన అదే బీము మీద నెమలి పోయి లత రావచ్చును. పని ఆగునది కొద్దిసేపు. పడుగు రంగు మారవలెనన్న మాత్రము బీము పూర్తిగ అయిపోవువఱకు వేచియుండవలెను, లేదా మిగిలిన నూలును నష్టపడవలెను. చిన్న మార్పునకును పెద్ద మార్పునకును హద్దు ఎచ్చటనని మా సభలలో గంటల తరబడి జరుగు వాదమును, ఇచ్చట బీము తానే తీర్చివేయును.

ఇక ముగింపు. అటక మీద త్రాళ్ళతో కట్టిన అట్టల మోపులు వరుసగా నుండెను; వాటికి వ్రేలాడు చీటీలలో కొన్నిటిమీద అక్షరములు వెలిసిపోయినవి. “ఇవన్నియు నిలిపివేసినవా?” అని అడిగితిని. యజమాని నవ్వి, “బంద్ అని ఒక్కసారే అనరాదు సార్,” అనెను. “ముందుగాల దుకాన్లోళ్ళకు చెప్పాలె, ఈ సాలు దాకనే ఇది అని. ఇంక గావాల్నా అని అడగాలె. ఆకరి ఆర్డరు నేసి ఇచ్చినంకనే అట్టలు దించుతం. అదిగూడ సీజన్ అయినంకనే. చలికాలం మొకాన బంద్ వెడితె వాండ్లు ఏం అమ్ముకోవాలె?” దించిన అట్టలను గూడ వెంటనే పాఱవేయరు. ఏ వసతిగృహమువారో పాత చాదరులకు జతగా మఱికొన్ని కోరిన, కనీసపు సంఖ్యకు ఒప్పుకొన్నచో, మోపు విప్పి మగ్గమున కెక్కింతురు. ఎలుకలు కొట్టిన మోపులకు మాత్రమే నిజమైన మరణము.

ఈ మాటలు వినుచుండగా నాకు పైథాన్ భాష వృత్తాంతము స్ఫురించెను. దాని మూడవ తరము 2008లో వెలువడినను, రెండవ తరమును విడువలేని వారు లెక్కకు మిక్కిలిగ నుండుటచే, 2015లో ముగియవలసిన దాని పోషణమును 2020 జనవరి 1 వఱకు పొడిగించుచున్నట్లు 2014లోనే ప్రకటించిరి. ఆలస్యమని ఎగతాళి చేసినవారు కలరు. నా మట్టుకు అది ఈ యజమాని పద్ధతియే. ఆకరి ఆర్డరు ఎవరిదో తెలియకుండ అట్టలు దించరాదు.

సాల చివర చిన్నగదిలో యజమాని తమ్ముని కుమారుడు కంప్యూటరు ముందు కూర్చుండియుండెను. అతడు వాడు డిజైను ప్రోగ్రాము విండోస్ ఎక్స్‌పీ మీద మాత్రమే నడచును. ఎక్స్‌పీకి పోషణము 2014 ఏప్రిల్ 8తో ముగిసినది. ప్రోగ్రాము చేసినవారి జాడ లేదు. అందుచే ఆ యంత్రమునకు ఇంటర్నెట్టు తగిలింపక కాపాడుకొనుచున్నారు. బయట మగ్గమున పండ్లచక్రము విఱిగిన, వీధి చివర లేతు యంత్రమువాడు సాయంకాలమునకు చేసియిచ్చును; ఈ పెట్టె చెడినచో చేయగలవాడు షోలాపురమున లేడు. పాతదానిని బ్రతికించుకొను శక్తి వాడుకరి చేతిలో నుంచుటయా, తీసివేయుటయా అను ప్రశ్న మా ప్రణాళికాపత్రములలో ఏ గడిలోను ఉండదు. “మీరు బంద్ వెట్టేటప్పుడు మాలాంటోళ్ళను అడుగుతరా సార్?” అని యజమాని అడిగెను. తెర మీద ఒక ప్రకటన చూపుదుమని చెప్పితిని. “అది చెప్పుడు. నేను అడుగుడు గురించి అంటున్న,” అనెను.

క్రొత్తగా ఎలక్ట్రానిక్ జకార్డు కొనవలెనని వారు ఆలోచించుచున్నారు. దానికి అట్టలతో పని లేదు. హుక్కులు వేయికి పైబడియుండును. అందుకై ఆ యువకుడు తాతల నాటి నెమలిని అరువు తెచ్చిన మఱియొక కంప్యూటరులో తిరిగి గీయుచుండెను. హుక్కులు పెరిగినందున మెడ వంపు నున్నగా, సొగసుగా వచ్చినది. దాని నమూనాను చూచిన పాత వ్యాపారి యొకడు, ఇది మా నెమలి కాదని త్రిప్పి పంపెనట. పాత జకార్డున హుక్కులు తక్కువయగుటచే మెడ మెట్లు మెట్లుగ వచ్చెడిది. గిరాకీదారులు దానినే గుర్తుపట్టుదురు. యజమాని ఆ మెట్లను మఱల గీయుమని చెప్పియుండెను; నున్నని నెమలికి వేఱొక సంఖ్య యిచ్చి, రెండింటిని ఒక సీజను నడిపి చూతమని నిశ్చయించుకొనిరి.