తప్పు చేయకుండా ఓడిపోవచ్చా?

చదరంగంలో పాచికలు లేవు, చాటున దాచిన ముక్కలూ లేవు. ఇలాంటి ఆటలో ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే వచ్చే ఫలితం, తెల్లపావుల గెలుపో నల్లపావుల గెలుపో డ్రానో, మొదటి ఎత్తుకు ముందే ఖాయమై ఉంటుందని గణితం చెబుతుంది. అది ఏదో ఇంకా ఎవరూ నిరూపించలేదు. బల్ల మీద ఏడు పావులో అంతకన్నా తక్కువో మిగిలిన స్థితులను మాత్రమే కంప్యూటర్లు పూర్తిగా తేల్చాయి. ఎక్కువమంది నిపుణుల అంచనా డ్రా. అదే నిజమైతే తప్పు లేని ఓటమి ఉండదు.

కొన్ని తప్పులు ఊరంతటికీ కనిపిస్తాయి. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో, తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్‌పై ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్‌లో డింగ్ లిరెన్ 55వ ఎత్తుకు ఏనుగును పెట్టకూడని గడిలో పెట్టాడు. డ్రా కావలసిన ఆటతో పాటు ప్రపంచ కిరీటమూ పోయింది.

కొన్ని ఓటముల్లో మాత్రం అలాంటి ఎత్తు వెతికినా దొరకదు. కాస్త ఆలస్యంగా కదిలిన గుర్రం, తొందరపడి జరిపిన బంటు, చివరికి ఏది కదిపినా నష్టమే అయ్యే జుగ్‌జ్వాంగ్. అక్కడ ఆఖరి ఎత్తును తిట్టడం అన్యాయం. పాపం ఇరవై ఎత్తుల కిందటిది.

గడియారం సంగతి వేరు. 2025 జులైలో బతుమిలో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్లో కోనేరు హంపి రెండు క్లాసికల్ గేమ్‌లనూ డ్రా చేసుకుంది. దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది గడియారం తక్కువ సమయమే ఇచ్చే ర్యాపిడ్ టైబ్రేక్‌లోనే.