అంపైరు గారి పొరపాటు

మొన్న ఆదివారం పార్కర్స్ పీస్ మైదానంలో మన పిల్లల క్రికెట్టుకు మేమే అంపైరు. ఒక కుర్రాడిని ఎల్.బి.డబ్ల్యూ. అన్నాం. "బ్యాటుకు తగిలింది అంకుల్!" అంటూ వాడు బ్యాటు విసిరికొట్టాడు. "ముందు బయటికి నడు" అని కసిరాం. పెద్దలందరూ మమ్మల్నే మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చాక మన సింధు గుర్తుకొచ్చింది. 2022 ఏప్రిల్లో మనీలాలో ఆసియా బాడ్మింటన్ సెమీఫైనల్. యమగుచిపై మొదటి గేము 21-13తో గెలిచి, రెండో గేములో 14-11తో ముందుంది. సర్వీసు ఆలస్యం చేశావంటూ అంపైరు ఒక పాయింటు ఎదుటి అమ్మాయికి ఇచ్చేశారు. ఆ అమ్మాయే సిద్ధంగా లేదని సింధు ఎంత మొత్తుకున్నా రెఫరీ చెవిని పెట్టలేదు. మ్యాచి చేజారింది, కాంస్యంతో, కన్నీళ్ళతో తిరిగివచ్చింది. పొరపాటు అంపైరుదేనని, మన్నించమని జూలైలో ఉత్తరం! ఇక ఉత్తరమెందుకు?

బ్యాటు విసిరితే మందలించాల్సిందే, కాదనం. కాని మేము వాడి కోపం చూశాం, వాడన్న మాట వదిలేశాం. ఆస్పత్రిలో రోగి బంధువు అరిస్తే ముందు విని, ఆ తర్వాతే కదా గొంతు తగ్గించమంటాం!

నిజానికి ఆ బంతి మాకు సరిగా కనిపించనేలేదు. వచ్చే ఆదివారం ఆ సంగతి వాడికి చెప్పాలి, అందరి ముందూ.